భోజనాల లైన్‌లో ఉత్తమ కవిత

సాహిత్యం నా శాఖ కాదు. అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగువాళ్లు ఏ మీటింగ్ పెట్టుకున్నా భోజనాలు చూసేది నేను. "మాపటి రాతలు" అనే ఆన్‌లైన్ గ్రూపువాళ్లు ఈ ఏడాది తమ ఉత్తమ కథకూ, ఉత్తమ కవితకూ పండగ చేస్తామంటూ నాకే ఫోన్ చేశారు. పులిహోర లేకుండా కవిత ఒక్కటే ఎంతసేపు నిలబడుతుంది?

ఆ గ్రూపులో ఆఫీసు పనయ్యాక అందరూ రాస్తారు. చదివేవాళ్లున్నారా అన్నదే అనుమానం. పొడుగాటి కథ పెట్టీ పెట్టకముందే "అద్భుతం మేడమ్" అని కామెంట్ వచ్చి పడుతుంది. ఈసారి ఉత్తమ కవిత వసంతలక్ష్మి గారిది. మా వీధిలోనే ఉంటారు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ముందురోజు ఫోన్ చేసి, ఏళ్ల తరబడి రాస్తున్నా తను రాసింది ఎవరైనా చదివారో లేదో తెలియడం లేదని చెప్పుకున్నారు. శాలువా కూడా అక్కర్లేదట.

"ఇక లైక్స్ వద్దండి కోటేశ్వరరావు గారూ. నలుగురూ వింటుంటే ఒక్కసారి చదవాలి, అంతే," అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. వండినవాళ్లకు తినేవాళ్లు కావాలి కదా.

మర్నాడు సభ జ్యోతి ప్రజ్వలనతో మొదలైంది. ఇళ్లు అమ్మిపెట్టే ఆయనకు శాలువా, వీసాల లాయరుకు శాలువా, హాలు ఇప్పించిన ఆయనకు శాలువా, ఆ శాలువాలన్నీ కొనిచ్చిన ఆయనకు ఇంకో శాలువా. ఆ తర్వాత బహుమతులు నిర్ణయించిన కృష్ణమూర్తి గారు మైకు అందుకున్నారు. అసలు కవిత్వం ఎలా పుట్టిందన్న దగ్గర మొదలుపెట్టి, వసంతలక్ష్మి గారి కవిత ఎంత గొప్పదో గంటసేపు చెప్పారు. అందులోని ఒక్క ముక్క కూడా ఆయన నోట రాలేదు.

ఇంతలో నేను గుత్తివంకాయ కూర మూత తీశాను. నన్నని లాభం లేదు, చూసుకోవాలి కదా. ఆ వాసనకి హాలంతా కుర్చీల చప్పుడు. గ్రూపు నడిపే బ్రహ్మయ్య గారు కంగారుపడి, ముందు లంచ్ చేసేద్దామని, విజేతలు తర్వాత చదువుతారని ప్రకటించారు. రెండింటికల్లా హాలు ఖాళీ చేయాలి. తిన్నాక మన జనం ఎక్కడుంటారో నాకు తెలియదా? పార్కింగ్‌లో ఉంటారు.

వసంతలక్ష్మి గారు తనకు కప్పిన శాలువా మడిచి చంకలో పెట్టుకుని, వెళ్లొస్తానని చెప్పడానికి నా దగ్గరికొచ్చారు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ప్లేట్లు పట్టుకుని బారులు తీరిన జనాన్ని ఒకసారి చూశాను. మనవాడు సభలోంచి ఎప్పుడైనా లేచిపోతాడు గానీ, భోజనాల లైన్‌లోంచి మాత్రం చచ్చినా కదలడు.

స్టేజీ మీది మైకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, పులిహోర ట్రే పక్కన నిలబెట్టాను.

"చదవండమ్మా. వీళ్లెక్కడికీ పోరు," అన్నాను.

ఆవిడ మైకు దగ్గరికి పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

"గరాజ్ తలుపు కిందికి దిగింది,
ఇంజిన్ ఆపాను,
నేను మాత్రం కార్ దిగలేదు.
లోపలున్నవాళ్లంతా నావాళ్లే,
వాళ్లంటే నాకు ప్రాణమే.
అయినా ఒక్క ఐదు నిమిషాలు
ఎవరికీ ఏమీ కాకుండా
చీకట్లో కూర్చుంటాను."

లైన్ ఆగిపోయింది. అందరికంటే ముందున్నాయన పులిహోర గరిటె మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. ఆయన భార్య ఆయన వంక అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. వెనకెవరో ఎందుకాగిందని విసుక్కుని, వాళ్లూ ఊరుకున్నారు. ఇన్నేళ్లలో వేడి వేడి తిండి ముందు మనవాళ్లు నోరు మూసుకుని నిలబడటం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కృష్ణమూర్తి గారు లైన్‌లో తన చోటు వదులుకుని ముందుకొచ్చారు.

"చాలా బాగుందమ్మా. ఎవరు రాశారు?" అని అడిగారు.

"నేనేనండి. మీరు ప్రైజ్ ఇచ్చింది దీనికే," అన్నారు వసంతలక్ష్మి గారు.

ఆయన ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటారనుకున్నాను. మైకు దొరికితే గంట మాట్లాడే మనిషి, చేతిలోని ఖాళీ ప్లేటు పక్కన పెట్టి, గొంతు బాగా తగ్గించి ఒక్కటే అన్నారు.

"నాకైతే ఆ ఐదు నిమిషాలు చాలవమ్మా."