చిల్లు వెతికే చీకటి

దవడ కదిపితే టక్కుమంటోంది, కదులుతోంది కాబట్టి విరగలేదన్నమాట, నోట్లో ఇనుము రుచి, అది నా నెత్తురుదో ఈ కంటైనరు పెట్టెదో తెలియడం లేదు, తలుపులు మూసేశాడు, గొళ్లెం కడ్డీలు ఒకదాని వెంట ఒకటి గరగరమని తిరిగి పడ్డాయి, బయటి నుంచి అన్న గొంతు, ఒరేయ్ అతుకులోడా, పైకప్పుకి నువ్వు వేసిన అతుకులోనే చిల్లుంది, అది దొరికేదాకా తలుపు తియ్యను, అక్కడే చావు, అని, కూలీలు నవ్వారు, నవ్వకపోతే తర్వాతి దెబ్బ తమదేనని తెలిసిన నవ్వు అది, ఈ యార్డులో అన్న లోడింగు మేస్త్రీ, నేను వెల్డింగు చేసేవాణ్ణి, కంటైనర్లో నిలబడి తలుపులు మూయించుకుని పైకి చూడటం నాకు కొత్త కాదు, ఎక్కడ సూదిమొనంత వెలుతురు కనిపిస్తే అక్కడ చిల్లు, అక్కడ సుద్దతో గుర్తు, కానీ ఇవాళ నా చేతిలో సుద్ద లేదు, సుత్తి ఉంది, వెల్డింగు మీద పొట్టు రాల్చే సుత్తి, ఒక కొస ఉలి, ఒక కొస ముక్కు, తలుపు తీయగానే ఈ ముక్కు వాడి కణతలో దిగుతుంది, అంతే, ఇక మాటల్లేవు.

కళ్లు చీకటికి అలవాటు పడాలి, పడేదాకా ఏం చూడను, పొద్దున జరిగిందే మళ్లీ చూస్తాను, ఓడ ఆలస్యమై, పగలు ఎండకి కాలి, రాత్రి చలికి బిగిసి, యార్డులోనే నిలబడిపోయిన పెట్టె ఇది, తలుపులు తెరవగానే బూజు వాసన గుప్పుమంది, కాఫీ గింజల బస్తాలు పైవరస మొత్తం తడిసి నల్లబడ్డాయి, అన్న చెయ్యి పెట్టి చూశాడు, చెయ్యి తీసి నన్ను చూశాడు, ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది వచ్చాక తప్పు ఎవరిదని అడగనక్కర్లేదు, దగ్గర ఎవరుంటే వాళ్లది, బస్తాలు బిగించే ఇనుపకడ్డీ గాల్లో లేవడం చూశాను, తర్వాత నేల కనిపించింది, నేల మీద నా పన్ను, ఇంత చిన్నదా అనిపించింది, నోట్లో ఉన్నంతకాలం పెద్దదే అనుకున్నాను, షెడ్డులో గోనెలు కుట్టే వదిన సూది వదిలేసి చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, నువ్వు పో, అన్నాడు అన్న, ఆ ఒక్క మాటకే చెంబులో నీళ్లు సగం ఒలికిపోయాయి.

మొన్న వదిన కన్ను వాచి ఉంటే నేనేం అడిగాను, ఏం చేశావు వదినా అని అడిగాను, ఎంత తేలిగ్గా అడిగాను, దారం పళ్లతో కొరికి ఆమె అంది, తలుపు ఆలస్యంగా తీశానబ్బాయ్, అంతకు ముందు తొందరగా తీశాను, ఎవరి కోసం కాచుకుని కూర్చున్నావే అన్నాడు, ఈసారి తలుపు తీసే ఉంచుతా, అప్పుడేమంటాడో మీ అన్న, విని చెబుతాలే, అని నవ్వింది, నవ్వితే పెదవి మళ్లీ చిట్లింది, గోనె కొసతో తుడుచుకుంది, నా చిన్నప్పుడు అమ్మ కూడా అంతే, నా వీపుకి పసుపు అద్దుతూ, అన్నని ఎందుకు కదిలించావురా అనేది, నేను రాత్రంతా వెతుక్కునేవాణ్ణి, ఎక్కడ కదిలించాను, నడకలోనా, నవ్వులోనా, వాడు పిలిచినప్పుడు పలికిన తీరులోనా.

వెలుతురు లేదు, ఎక్కడా లేదు, పైకప్పు నల్లగా, నిండుగా, నా అతుకు దగ్గర ఇంకా నలుపు, బస్తాల మీదికెక్కి వేలితో ఆ అతుకంతా తడిమాను, గట్టిగా ఉంది, చీమకైనా సందు లేదు, మరి మెడ మీద ఈ చుక్క ఎక్కడిది, ఇంకోటి, అరచెయ్యి పైకప్పుకి ఆనించాను, తడి, ఈ మూలా తడి, ఆ మూలా తడి, రేకు మడత మడతకీ వరసలు కట్టి వేలాడుతున్న చుక్కలు, చిల్లుంటే ఒకచోట కారుతుంది, ఇది అంతటా కారుతోంది, గింజల్లో దాగిన తేమ పగటి వేడికి ఆవిరై లేస్తుంది, రాత్రి ఇనుము చల్లబడగానే పైకప్పుకి పట్టి, నీరై, మళ్లీ ఆ గింజల మీదే పడుతుంది, పెట్టెకి చెమట పట్టింది అంటాం, అది పోవడానికేగా పైమూలల్లో గాలికన్నాలు, వాటి దగ్గరైనా బూడిదరంగు మసక కనిపించాలి కదా, అక్కడా నలుపే, వేళ్లు పోనిచ్చాను, నున్నగా తగిలింది, టేపు, వెడల్పాటి టేపు, పొర మీద పొర, బొటనవేలితో అదిమి అదిమి అంటించిన టేపు, ఆ బొటనవేలు నాకు తెలుసు, సరుకు ఎక్కించిన రోజు వాడే అంటించాడు, బయటి తేమ బొట్టు కూడా లోపలికి రాకూడదురా అన్నాడు, అవి గాలి కోసం అన్నా, అన్నాను, నాకు నేర్పుతావా, చెంప చెళ్లుమంది, కింద పరిచిన చెక్కలు అప్పుడే కడిగినవి, ఇంకా ఆరలేదు, వాటినీ లోపలే పెట్టి మూసేశాడు.

ఢన్, దొరికిందా, ఢన్, కడ్డీతో బయటి నుంచి గోడని బాదుతున్నాడు, చెవుల్లో ఇనుము పగులుతోంది, ఢన్, నోరు పడిపోయిందా, పలకవేంరా, ఢన్, ఒక్కో దెబ్బకీ పైకప్పు వణికింది, వణికినప్పుడల్లా వేలాడే చుక్కలన్నీ ఒక్కసారే తెగి నా నెత్తి మీద, కళ్లలో, చిట్లిన పెదవి మీద కురిశాయి, బయట ఎండ, లోపల వాన, వాడు కొడుతున్నది గోడని, తడుస్తున్నది నేను, సుత్తి పిడి కూడా తడిసి జారుతోంది, అది వానో నా చెమటో, నాలో ఎంత ఆవిరి లేచిందో పొద్దుటి నుంచీ, ఈ ముక్కు వాడి కణతలో దిగితే నెత్తురు కూడా ఇంత వెచ్చగానే ఉంటుందేమో, వాడి చేతిలో కడ్డీ, నా చేతిలో ఇది, సుత్తిని బస్తాల సందులోకి వదిలేశాను, ఎక్కడ పడిందో చప్పుడే లేదు, రెండు చేతుల గోళ్లతో టేపు పీకాను, ఒక పొర, ఇంకో పొర, గోరు లేచిపోయింది, చిట్టచివరి పొర చిరిగేసరికి సన్నటి గాలి వచ్చి ముఖానికి తగిలింది, నెత్తురు మీద చల్లగా, ఇన్నేళ్లూ చిల్లు కోసం నాలో ఎక్కడ వెతికాను, వదిన తనలో ఎక్కడ వెతుక్కుంది, ఆలస్యంలోనా, తొందరలోనా, తెరిచిన తలుపులోనా, నీళ్లు మా నుంచి వాడిలోకి కారలేదు, అవి వాడిలోనే పుట్టాయి, వాడిలోనే లేచాయి.

గొళ్లెం కడ్డీలు తిరిగాయి, తలుపు తెరుచుకుంది, వెలుతురు కళ్లలో పొడిచింది, చూపించు, ఎక్కడరా చిల్లు, అన్న ఆకారం, చేతిలో కడ్డీ, నా గుప్పిట్లో నలిగిన టేపు చూసి వాడి ముఖం మారింది, కడ్డీ లేచింది, లేవనీ, చేత్తో పట్టుకుంటాను, అరచెయ్యి చీలితే చీలనీ, వాడి భుజం మీదుగా చూశాను, షెడ్డు గుమ్మంలో సూది పట్టుకుని నిలబడిన ఆ వాచిన కంటిని చూసి చెప్పాను, వదినా, చిల్లు లేదు, ఎప్పుడూ లేదు.