చెన్నరాయప్ప కట్టిన తప్పు

చెన్నరాయప్ప చేత మాట్లాడించడం కంటే బండలో బోరు వేసి నీళ్ళు రప్పించడం సులభమని వేప్పనపల్లి చుట్టుపక్కల అనుకునేవాళ్ళు. బోరువాళ్ళు ఎనిమిది వందల అడుగులు దిగాకైనా ఉందనో లేదనో తేల్చి చెబుతారు. చెన్నరాయప్ప అదీ చెప్పడు.

అరవైతొమ్మిదేళ్ళ మనిషి. చదివింది మూడో తరగతి, అదీ సగమే. నాలుగెకరాల మామిడితోట, ఊరి చర్చిలో సంఘపెద్ద పదవి, రెండూ తండ్రి వదిలిపోయినవే. ఊళ్ళో తగాదా వస్తే చర్చికి వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ కూడా అతని అరుగు దగ్గరికే చేరేవాళ్ళు. రెండువైపులవాళ్ళూ గొంతులు బొంగురుపోయేదాకా అరిచాక, చెన్నరాయప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఒకడివైపు చూసి, “తప్పు నీదే. పో,” అనేవాడు. అంతే తీర్పు. తప్పు తేలినవాడు తప్పు కట్టాలి. డబ్బు కాదు, పని. చర్చి వాకిలి వారం రోజులు ఊడవడమో, అవతలివాడి చేలో రెండు రోజులు కలుపు తీయడమో. ఏం కట్టాలో నష్టపోయినవాళ్ళే చెప్పాలి. అది ఆ ఊరి కట్టు.

లోతైన బావిలో చప్పుడుండదు కదా అని జనం అతన్ని మెచ్చుకునేవాళ్ళు. నీళ్ళు లేని బావిలో కూడా చప్పుడుండదని చెన్నరాయప్పకు ఒక్కడికే తెలుసు. తెలిసినా బయటికి చెప్పలేదు. చెప్పడమంటే మాట్లాడాలి.

అలాంటి మనిషి ఒక ఆదివారం చర్చిలో చెయ్యెత్తాడు. హోసూరులో పది శనివారాలు క్రైస్తవ కౌన్సెలింగులో శిక్షణ ఇస్తారనీ, దుఃఖంలో ఉన్నవాళ్ళను ఎలా పరామర్శించాలో నేర్పుతారనీ, మన సంఘం నుంచి ఎవరైనా పోవాలనీ పాస్టరయ్యగారు అప్పుడే చెప్పి ముగించారు. చెన్నరాయప్ప ఈగను తోలుతున్నాడనుకుని అయ్యగారు ఇంకోవైపు తిరిగారు. చెయ్యి దిగకపోయేసరికి పేరు రాసుకోక తప్పలేదు.

ఇంటికొచ్చాక మునెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

“కౌన్సెలింగా? నువ్వా? నలభై నాలుగేండ్లుగా ఈ ఇంట్లో నేను మాట్లాడితే గోడన్నా తిరిగి పలికింది కానీ నువ్వు పలకలా. నువ్వు పోయి ఎవురికి నేర్పిస్తావు?”

“నేర్చుకునేకి.”

“దేన్ని?”

చెన్నరాయప్ప పార తీసుకుని తోటలోకి వెళ్ళిపోయాడు.

చెప్పదగ్గ కారణమైతే చెప్పేవాడే. అతనికి ఒక చెల్లెలు ఉంది, గంగక్క. హోసూరు పక్కన గులాబీలు పండించే శేషప్పకిచ్చి చేశారు. పన్నెండేళ్ళ కింద ఒక మే నెల పొద్దున చేతిలో సంచితో అన్న అరుగు ముందు నిలబడింది. వాకిట్లో మామిడికాయల లారీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

“అన్నా, ఆయప్ప నాతో మాట్లాడేది మానేసి ఏడాది అయింది. కొట్టడు, తిట్టడు. అన్నం పెడితే తింటాడు, లేచిపోతాడు. ఆ ఇంట్లో నా గొంతు వింటే నాకే భయంగా ఉండాదన్నా...”

ఇంకా ఏదో చెప్పబోయింది. లారీవాడు హారన్ కొట్టాడు. మగవాడు మాట్లాడకపోవడం కూడా ఒక నేరమేనా అని చెన్నరాయప్పకు చిరాకేసింది. ఆ లెక్కన ముందుగా పట్టుకోవలసింది తననే. “తప్పు నీదే. పో,” అని లారీ ఎక్కేశాడు.

గంగక్క పోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నాలుగు నెలల కింద శేషప్ప చనిపోతే చెన్నరాయప్ప వెళ్ళి పొద్దంతా గేటు దగ్గర నిలబడ్డాడు. చెల్లెలిని చూసి రెండుసార్లు నోరు తెరిచాడు. ఒకసారి ఆవులింత వచ్చింది. ఇంకోసారి అదీ రాలేదు. తిరుగు బస్సులో ఆలోచించాడు. మోటారు చెడిపోతే బాగుచేసేవాడు కృష్ణగిరిలో ఉన్నాడు. నోరు చెడిపోతే బాగుచేసేచోటు కూడా ఎక్కడో ఉండాలి కదా. అందుకే ఆ చెయ్యెత్తడం.

హోసూరులో ఆ శిక్షణ ఒక చర్చి వెనక హాలులో. పద్నాలుగు మంది వచ్చారు. ఇద్దరు నర్సులు, కొందరు ఫ్యాక్టరీవాళ్ళు, షేర్ ఆటో తోలే మునిరాజు. పాఠం చెప్పే నేత్రకు మహా ఉంటే ముప్పై ఏళ్ళు. మొదటి శనివారమే అందరినీ జతలుగా కూర్చోబెట్టింది. ఒకడు కష్టం చెప్పుకోవాలి, ఇంకొకడు వినాలి. చెన్నరాయప్పకు మునిరాజు దొరికాడు.

“నా పెండ్లాం నాతో సరిగ్గా మాట్లాడదు తాతా. ఆదివారం గూడా ఆటో తోల్తానంట. ఇంట్లో పుల్ల తీసి ఈడ పెట్టనంట. నేను మాత్రం ఏం చేసేది...”

“తప్పు నీదే. పో.”

మునిరాజుదీ పల్లెటూరే. పాత అలవాటుకొద్దీ లేచి తలుపుదాకా పోయి, అక్కడ వెనక్కి తిరిగాడు. “తప్పేం కట్టాల తాతా?”

“వారం దినాలు ఇల్లూడ్చు.”

హాలంతా గొల్లున నవ్వింది. నేత్ర మాత్రం పెదవి కొరుక్కుని దగ్గరికొచ్చింది.

“తాతా, ఇది పంచాయతీ కాదు. ఈడ తీర్పు చెప్పకూడదు. వినాల.”

“విన్నాను గదమ్మా.”

“ఎంతసేపు విన్నారు?”

“కావాల్సినంత.”

తరువాతి శనివారం మునిరాజు నవ్వు మొహంతో వచ్చాడు. నిజంగానే వారం రోజులు ఇల్లు ఊడ్చాడట, భార్య పూరీలు చేసి పెట్టిందట. దానికి ఏమనాలో నేత్ర చదివిన చదువులో ఎక్కడా లేదు. “అయినా సరే తాతా, తీర్పు వద్దు,” అంది.

సరే అని చెన్నరాయప్ప ఈసారి నోరే తెరవలేదు. ఇరవై నిమిషాలు మునిరాజు ముందు బొమ్మలా కూర్చున్నాడు. మునిరాజు ఆటో గురించి మొదలుపెట్టి, ఎటో తిరిగి, చచ్చిపోయిన తండ్రి దగ్గరికి చేరాడు. చివరికి వెక్కివెక్కి ఏడ్చాడు. నేత్ర చప్పట్లు కొట్టింది.

“అందురూ చూడండి. వినడమంటే ఇదీ!”

అసలు సంగతేమిటంటే, ఆ ఇరవై నిమిషాలూ చెన్నరాయప్ప తోటలో ఉన్నాడు. మామిడి పూతకు పురుగు పట్టింది. మందు ఈ సోమవారం కొట్టాలా, వచ్చే సోమవారమా అన్నదే అతని ఆలోచన. మునిరాజు ఎందుకు ఏడ్చాడో కూడా తెలియదు. అయినా పొగడ్తను పద్ధతిగా తల ఊపి తీసుకున్నాడు. ఆ సాయంత్రం బస్సు అద్దంలో తన మొహం కనబడితే కాస్త గౌరవంగా చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ జనం మూగవాడన్నారు. తను పుట్టుకతోనే కౌన్సెలరు!

తొమ్మిదో శనివారం నేత్ర అందరికీ తలా ఒక ఫారం ఇచ్చింది. దుఃఖంలో ఉన్న ఒక ఇంటికి పోవాలి, గంట కూర్చోవాలి, వాళ్ళు ఎంతసేపు మాట్లాడారో తాము ఎంతసేపు మాట్లాడారో రాసుకు రావాలి.

“వాళ్ళు యాభై నిమిషాలు, మీరు పది. మీరు అంతకు మించితే ఫెయిలు.”

పది నిమిషాలా అని చెన్నరాయప్ప ఫారాన్ని మళ్ళీ చదువుకున్నాడు. అంత మాట ఎక్కడినుంచి తేవాలి?

గురువారం పొద్దున గంగక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె రేకుల పందిరి కింద గులాబీల కుప్ప ముందు కూర్చుని, ఇరవై పూలకొక కట్ట కడుతోంది. అన్నను చూసింది, చూడనట్టే కత్తెర ఆడించింది. పక్కన ఒక పాత కుర్చీ ఉంది. చెన్నరాయప్ప అందులో కూర్చున్నాడు. నేత్ర నేర్పినట్టే కాస్త ముందుకు వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టి, మెల్లగా తల ఊపసాగాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడే తల ఊపాలన్న సంగతి గుర్తుకు రాలేదు. కట్ట తరువాత కట్ట పడుతోంది. ఇతను ఊపుతూనే ఉన్నాడు.

“మెడ నొప్పా?” అంది గంగక్క.

పన్నెండేళ్ళకు మొదటి మాట.

“లేదు,” అని మళ్ళీ ఊపాడు.

“ఏంటికొచ్చినావు?”

“వినేకి.”

“ఏం వినేకి?”

“నువ్వు చెప్పేది.”

గంగక్క కత్తెర కింద పెట్టింది.

“నేను చెప్పేది పన్నెండేండ్ల కిందనే చెప్పినా. ఇప్పుడేం మిగిలుండాది చెప్పేకి? పదమూడేండ్లు ఆయప్ప నా ఎదురుగా ఇట్లనే కూచున్నాడు. ఆ కుర్చీలోనే. పొయ్యేనాడు గూడా నా మొగం చూసినాడు, ఏమీ చెప్పకుండానే కండ్లు మూసినాడు. ఇప్పుడు నువ్వొకడివి వచ్చి అదే కుర్చీలో గమ్మున కూచుంటివి. గమ్మునుండే మొగోళ్ళతో నాకు సాలయిపోయింది. మాట్లాడేదుంటే మాట్లాడు. లేకుంటే పో.”

పో. ఎన్ని వందలసార్లు అన్నాడో ఆ మాట. ఇటువైపు కూర్చుని వింటే అది ఇంత గట్టిగా తగులుతుందని అతనికి తెలియదు. లేచి పోవచ్చు. పోతే ఈ జన్మకు ఇంతే. తొమ్మిది శనివారాల శిక్షణ అంతా వెతికినా అందులో ఒక్క మాట దొరకలేదు.

“ఆ పొద్దు లారీవోడు హారన్ కొట్టినాడు,” అన్నాడు చివరికి.

“ఏ లారీ?”

“నువ్వొచ్చిన పొద్దు. కాయ లోడు కృష్ణగిరికి పోవాల. నీ మాట సగమే విన్నా. మనసు లారీ మీదుండె.”

గంగక్క నోరు తెరుచుకుని చూసింది. “లారీ కోసమా నన్ను పొమ్మనింది?”

“ఇంగొకటి గూడా. మాట్లాడకుండా ఉండేది తప్పని చెప్తే, నాది గూడా తప్పవుతాది గదా అని.” తువ్వాలు దులపబోయి, దులపకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. “తప్పు నాదే గంగా.”

గంగక్క కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“ఆ లోడన్నా బాగా పోయిందా?” అంది గంగక్క.

“యాడ పోయింది? కాయ మెత్తబడిందని సగం వెనక్కి పంపించినారు.”

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతోనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చేతుల నిండా ముళ్ళు కావడంతో మోచేత్తో తుడుచుకుంది.

“తప్పు నీదైతే తప్పు కట్టాల గదా. ఏం కట్టాల్నో నేను చెప్పేదే గదా మన ఊరి కట్టు?”

“చెప్పు.”

గంగక్క గులాబీల కుప్పవైపు చూసింది. తక్కువేసినా నలభై కట్టలవుతాయి.

“ఈ పూలన్నీ కట్టలయ్యేదాకా మాట్లాడు. నేనేమీ అడిగేది లేదు. నువ్వే చెప్పాల. నడిమధ్య ఆపితే మళ్ళీ మొదట్నుంచి.”

ఏడాదిపాటు చర్చి వాకిలి ఊడ్చమన్నా చెన్నరాయప్ప సంతోషంగా ఊడ్చేవాడు. కానీ కట్టు కట్టే. మునెమ్మ మోకాలి నొప్పితో మొదలుపెట్టాడు. అది రెండు కట్టలకే అయిపోయింది. మామిడి పూతకు పట్టిన పురుగు మూడు కట్టలు లాగింది. మునిరాజు ఇల్లూడ్చిన కథ దగ్గర గంగక్క చెయ్యి ఆపి ఆపి నవ్వింది కనుక అతనికి ఊపిరి తీసుకునే సందు దొరికింది. పదిహేనో కట్టకు ఊరి సంగతులన్నీ ఖాళీ. ఇంకేమీ లేక లోపలి సరుకు తీయవలసి వచ్చింది. మూడో తరగతిలో చదువు ఎందుకు మానేశాడో చెప్పాడు. బడికి కొత్తగా వచ్చిన అయ్యవారు పేరడిగితే నోరు పెగల్లేదు. రెండోసారి అడిగితే ఇంటికి పరుగెత్తాడు. మళ్ళీ పోలేదు. తన తీర్పులు ఎందుకంత పొట్టిగా ఉంటాయో చెప్పాడు. రెండో వాక్యానికి గొంతు వణుకుతుంది, అది జనానికి తెలియకూడదని. ముప్పయ్యో కట్ట దగ్గర, శేషప్ప పోయినరోజు గేటు దగ్గర తను రెండుసార్లు నోరు తెరిచిన సంగతి చెప్పాడు.

“చూసినా,” అంది గంగక్క తల ఎత్తకుండా. “ఆవులిస్తివి.”

“ఒకతూరే.”

ఆఖరి కట్ట పక్కన పెట్టి ఆమె లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. “సరే. ఈ వారానికి ఇంత చాలు.”

“ఈ వారానికా?”

“పన్నెండేండ్ల తప్పు ఒక పూటకే తీరిపోతాదా? వచ్చే గురువారం గూడా రా. వదినను పిల్చుకొని రా. పాపం, ఆయమ్మ గూడా వినాల గదా నీ గొంతు ఎట్లుంటాదో.”

శనివారం చెన్నరాయప్ప గుండ్రటి అక్షరాలతో నింపిన ఫారం ఇచ్చాడు. నేత్ర అటూ ఇటూ తిప్పి చూసింది.

“తాతా, తలకిందుల రాసినారా? ఆమె పది నిమిషాలు, మీరు రెండు గంటలు అని ఉండాది.”

“సరిగ్గానే రాసినానమ్మా.”

“అట్లయితే మీరు ఫెయిలు.”

“తెలుసమ్మా.”

సర్టిఫికెట్లు ఇస్తున్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. మునిరాజు తన సర్టిఫికెట్టును ఆటో అద్దానికి అంటిస్తానన్నాడు. ఫెయిలయిన మనిషి ఎందుకంత కులాసాగా ఉన్నాడో నేత్రకు అంతు పట్టలేదు. అతను చెప్పనూ లేదు. ఆ వారం మాటల కోటా అయిపోయింది.

తరువాతి గురువారం కృష్ణగిరిలో బస్సెక్కినప్పటినుంచి చెన్నరాయప్ప ఆ పూట చెప్పవలసినవి వేళ్ళ మీద లెక్క వేసుకోసాగాడు. శూళగిరి రాకముందే సరుకంతా అయిపోయింది. చేతికి రెండు వేళ్ళు మిగిలిపోయాయి. పక్కన మునెమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“మునెమ్మా,” అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. బస్సులో పేరు పెట్టి పిలవడం అదే మొదలు. “రవంత ఏదన్నా చెప్పు. ఆడ గంగకు చెప్పేకి కావాల.”

“ఏం చెప్పేది?”

“ఏదైనా. నీది.”

నలభై నాలుగేళ్ళ సరుకు ఆమె దగ్గరుంది. కొంగు సర్దుకుని, సీట్లో ఇటు తిరిగి, పెళ్ళయిన మొదటి వారం నుంచి ఎత్తుకుంది. చెన్నరాయప్ప ముందుకు వంగాడు. ఈసారి తోటలోకి పోవడానికి లేదు. విన్నది విన్నట్టు మళ్ళీ ఒకరికి ఒప్పజెప్పాలి.

“నిదానంగా చెప్పు,” అన్నాడు. “మొదట్నుంచి చెప్పు. అప్పుడు నేనేమన్నా?”

“ఏమంటావు? ఏమీ అనలా,” అంది మునెమ్మ.