చచ్చిన బంతులు

చచ్చిన బంతి చప్పుడే వేరు. సిమెంటు నేల మీద భుజమెత్తు నుంచి వదిలితే మంచి గోల్ఫ్ బంతి టక్కుమని ఛాతీ దాకా లేస్తుంది. చచ్చింది దబ్బుమని నడుము దాకా లేచి, ఇక నావల్ల కాదన్నట్టు పడిపోతుంది. పద్నాలుగేళ్లుగా గోల్ఫ్ ప్రాక్టీసు మైదానంలో బంతులు ఏరి, కడిగి, బాగున్నవి ఒక పక్కకీ పోయినవి ఒక పక్కకీ తీసే ఆవిడకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? అందరూ ఆమెను బంతులక్క అనే పిలుస్తారు. కళ్లు మూసుకుని చప్పుడు వింటే చాలు, ఏది బతికుందో ఏది చచ్చిందో చెప్పేస్తుంది.

చెప్తే వినేవాడుండాలి కదా! మేనేజరు వినడు.

"సార్, ఇంట్లో డబ్బాలో పెట్టుకుంటే ఐదేళ్లయినా చెక్కుచెదరదు సార్ ఇది. మనం రోజూ బాదిస్తున్నాం, ఎండలో పడేస్తున్నాం, వానకి నానబెడుతున్నాం. ఏడాదికే బంతి మీది చిన్న గుంటలన్నీ అరిగిపోతాయి. ఇవి మూడేళ్ల నాటివి. మార్చండి సార్, మీకు పుణ్యముంటుంది" అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

ఆయన ఒక బంతిని తీసుకుని, కూరల కొట్లో బంగాళాదుంపని చూసినట్టు అటూ ఇటూ తిప్పి, "గుండ్రంగానే ఉంది కదమ్మా" అన్నాడు.

గుండ్రంగా ఉంటే చాలట! ఆయన తలకాయా గుండ్రంగానే ఉంది, ఏం లాభం?

"పగిలితే తప్ప ఏదీ పారెయ్యకు. కడిగి బుట్టలో వేసెయ్" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. పళ్లు నూరుకుంది. నూరుకుంటూనే కడిగింది, బుట్టలో వేసింది. సరదాకి వచ్చి నాలుగు దెబ్బలు కొట్టి పోయేవాళ్లే కదా, బంతి కాస్త తక్కువ దూరం పోతే వాళ్ల సొమ్మేం పోయిందిలే అని సరిపెట్టుకుంది.

ఆ బుట్టల్లోని బంతులతోనే ఆమె కన్నకూతురు ఆట నేర్చుకుంటోంది. అసలు మైదానంలోకి సభ్యుల్ని తప్ప రానివ్వరు. పనివాళ్ల పిల్లలకి ప్రాక్టీసు మైదానమే గతి, అది కూడా మధ్యాహ్నం ఎండకి ఎవరూ రాని వేళ. ఆ ఎండలోనే పిల్ల అరచేతులు కాయలు కాచేలా కొట్టింది. ఏ కర్రతో కొడితే బంతి ఎన్ని గజాలు పోతుందో తల్లీ కూతుళ్లు అడుగులు వేసి కొలిచి, చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఎనిమిదో నంబరు కర్రకి నూట ఇరవై గజాలు, నంబరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. ఒక్క గజం తేడా వస్తే పిల్లకి ఆ పూట అన్నం సయించేది కాదు.

క్లబ్బు అమ్మాయిల జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. ఎంపిక పోటీకి మాత్రం పనివాళ్ల పిల్లల్నీ అసలు మైదానంలోకి రానిచ్చారు. ఆరుగురు అమ్మాయిలు వచ్చారు, తొమ్మిది హోళ్ల ఆట, అంటే జెండా పాతిన తొమ్మిది గుంటల్లో వరసగా బంతి వెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లకే చోటు. దొరికితే మంచి కోచ్, ఊరూరా పోటీలు. దొరక్కపోతే అమ్మ పక్కన నిలబడి బంతులు కడగడమే. అందరికీ తలా ఒక డబ్బా కొత్త బంతులిచ్చారు. కూతురి బ్యాగు బంతులక్కే భుజాన వేసుకుంది. దెబ్బలు రాసుకోవడానికి మేనేజరు వెంట నడిచాడు.

మొదటి హోలు. జెండాకి సరిగ్గా నూట ఇరవై గజాలు. పిల్ల ఎనిమిదో నంబరు తీసి కొట్టింది. ఆహా, ఏం దెబ్బ! గీత గీసినట్టు జెండా మీదికే పోయింది బంతి. పోయి, దాటిపోయి, వెనక పొదల్లో పడింది.

రెండో హోలూ అంతే. ఈసారి ఇసక గుంటలో పడింది.

"కంగారు. చేతులు బిగబట్టేస్తోంది" అన్నాడు మేనేజరు, రాసుకుంటూ.

"అమ్మా, నేను బాగానే కొట్టానే" అంది పిల్ల. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

బాగానే కొట్టింది. తల్లి కళ్లారా చూసింది. మరి ఏమిటీ ఖర్మ? మూడో హోలు దగ్గర, ఆమె తన భుజం మీది బ్యాగులోంచి ఇంకో కొత్త బంతి తీస్తుంటే అది చేయి జారి సిమెంటు బాట మీద పడింది. టక్కుమని ఆమె ఛాతీ దాకా లేచింది.

బంతులక్క గుండెల్లో రాయి పడింది. ఎన్నాళ్లయింది ఆ చప్పుడు విని!

"పుస్తకం మూసెయ్యవే!"

"అదేంటమ్మా?"

"అందులో రాసిందంతా అబద్ధం. చచ్చిన బంతులతో కొలిచాం మనం. ఇవి బతికున్నవి. పన్నెండు గజాలు ఎక్కువ పోతున్నాయి. ఎనిమిది లోపల పెట్టు, తొమ్మిదో నంబరు తియ్!"

పిల్ల ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసి తొమ్మిదో నంబరు తీసింది. బంతి జెండాకి జానెడు దూరంలో ఆగింది. అక్కణ్ణించి ఆ పిల్ల ఆట చూడాలి! మిగిలిన హోళ్లన్నిట్లో దాన్ని పట్టుకోగలిగినవాళ్లు లేరు. అయినా ఏం చేస్తాం, మొదటి రెండు హోళ్లలో పోయిన నాలుగు దెబ్బలు పోయినవే. ఒక్కటంటే ఒక్క దెబ్బ తేడాతో చోటు వేరే అమ్మాయికి పోయింది.

మేనేజరు వచ్చి పిల్ల భుజం తట్టాడు. "ఇంకా ప్రాక్టీసు కావాలమ్మా. రేపట్నుంచి మన దగ్గర ఎన్ని బుట్టలు కావాలంటే అన్ని కొట్టుకో. నేను చెప్తాగా."

బంతులక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ బుట్టలే కదయ్యా దాని గొంతు కోసింది! రెండేళ్లు నీ చుట్టూ తిరిగాను. మార్చవయ్యా, చచ్చాయవి, మార్చవయ్యా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. గుండ్రంగా ఉన్నాయన్నావు! ఇప్పుడు చెప్పు, ఏం గుండ్రంగా ఉందో చెప్పు!"

అంతా తిరిగి చూశారు. మేనేజరు మొహం మాడిపోయింది. కానీ ఆ నోరు ఊరుకుంటుందా?

"నన్నంటావేంటమ్మా? బుట్టలో వేసిన చెయ్యి నీది కాదూ? కూతురు కొడుతుంటే రోజూ చూసింది నువ్వు కాదూ?"

కూతురు తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, అవి చచ్చాయని నీకు ముందే తెలుసా?"

"తెలుసే" అంది బంతులక్క. "ఎవరో కొట్టి పోతారులే అనుకున్నాను. కొట్టేది నువ్వని నా మట్టిబుర్రకి తట్టలేదే."

పిల్ల తల్లి భుజం మీది బ్యాగు తీసుకుని, తన భుజానికి తగిలించుకుని నడిచింది.

"తిట్టవే!" అని అరిచింది బంతులక్క, వెనకాలే పరిగెడుతూ. "వాణ్ణి కాదు, నన్ను తిట్టు! నోరు తెరిచి ఒక్క మాటనవే!"

గేటు దాటేదాకా పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.