రానివాడి వంతు

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వీరుడి పాత్ర పట్టి పాచికలతో ఆడే ఈ ఆటను కొత్తవాళ్లతో నడపడం పెద్ద పనేం కాదు. నాలుగు తోడేళ్లను వదిలితే చాలు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆడతారు. తిప్పలన్నీ ఇరవయ్యో లెవెల్‌కు, అంటే ఆఖరి మెట్టుకు, చేరువైన వీరులతోనే. గాల్లో ఎగురుతారు, గోడల్లోంచి దూరిపోతారు, చచ్చినవాణ్ణి లేపి కూర్చోబెడతారు. వీళ్ల మీదికి ఇంకా పెద్ద రాక్షసుణ్ణి తోలి లాభం లేదని ఆట నడిపే మార్లిస్‌కు ఏళ్ల మీద తెలిసొచ్చింది. ఒక తలుపు వెనక ఇంకో తలుపు పెట్టి, వాళ్ల మంత్రాలన్నీ ఖర్చు చేయించి, అప్పుడు అసలువాణ్ణి బయటికి తీయాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం అసలువాణ్ణి తీసింది. వాడు నీడలరాజు. ఏళ్లుగా సాగుతున్న కథకు అదే ఆఖరి పోరాటం. విస్కాన్సిన్ చలికాలం కదా, బేస్‌మెంట్ కిటికీ సగం దాకా మంచులో కూరుకుపోయి ఉంది. బల్లకు ఒకవైపు అట్ట తెర వెనక మార్లిస్. ఎదురుగా స్కూలు బస్సు నడిపి రిటైరైన లైల్, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే బెవ్. మధ్యలో జున్ను ముక్కల గిన్నె, పక్కన ఖాళీ కుర్చీ. ఆ కుర్చీ మార్లిస్ తమ్ముడు ఓరిన్‌ది. గత మార్చిలో చేపలు పట్టడానికి సరస్సు మీదికి వెళితే, కాళ్ల కింద మంచు పగిలి, నీళ్లలో మునిగి చనిపోయాడు.

ఈ బల్ల దగ్గర ఒక రూలుంది: ఆటకు రానివాడి వీరుడు చావకూడదు. పెట్టించింది ఓరినే. ఒకసారి ఆట ఎగ్గొట్టి చేపలకు వెళితే వాడి వీరుడు టోరాల్‌ను డ్రాగన్ కాల్చేసింది. మంత్రంతో లేపినా, ఆ చలికాలమంతా మూతి ముడుచుకునే కూర్చున్నాడు మహానుభావుడు. తమ్ముణ్ణి పాతిపెట్టి వచ్చాక కూడా మార్లిస్ ప్రతి ఆదివారం అదే మాట అనేది, "ఓరిన్ ఇవాళ రాలేదు, టోరాల్‌ను నేనే ఆడిస్తాను." ఆ మాట అనగలిగినన్నాళ్లు తమ్ముడు పూర్తిగా పోనట్టే ఆమెకు.

"టోరాల్‌ను ముందుకు తొయ్యి," అన్నాడు లైల్. "వాడెలాగూ చావడు కదా!"

"సిగ్గులేదూ నీకు?" బెవ్ కసిరింది.

"రూలు రూలే. ఓరిన్ ఉంటే తనే ఎగేసుకుంటూ ముందు నిలబడేవాడు."

మార్లిస్‌కు నవ్వొచ్చింది. టోరాల్ సీసపు బొమ్మను జరిపి అందరికన్నా ముందు నిలబెట్టింది.

నీడలరాజుకు కళ్లు లేవు, ఎవరిని కొడతాడో పాచికే చెప్పాలి. నాలుగు ముఖాల పాచిక: ఒకటి లైల్, రెండు బెవ్, మూడు టోరాల్, నాలుగు పడితే దెబ్బ గోడకు. తెర వెనక వేసింది. మూడు.

"గోడకు తగిలింది," అని అబద్ధమాడింది.

మళ్లీ మూడు. మళ్లీ మూడే. పాచిక మార్చింది, మూడు.

"గోడకే."

"ఆ గోడ ఏం పాపం చేసిందే తల్లీ?" బెవ్ నవ్వబోయి, మార్లిస్ ముఖం చూసి ఆగిపోయింది. లేచి వచ్చి, ఎవరూ తొంగిచూడకూడని తెర వెనక్కి చూసింది. "మళ్లీ వెయ్యి."

మూడు.

బెవ్ తెర మడిచేసింది. ఈసారి అందరి ముందూ వేస్తే మూడే పడింది.

"చావకూడనిది రానివాడు," లైల్ గొంతు తగ్గింది. కుర్చీ వైపు చూడలేకపోయాడు. "వచ్చినవాడికి ఆ రూలు లేదు."

"నోర్ముయ్ లైల్!"

కానీ మార్లిస్ వినేసింది. వాడు రాకపోతే ఎప్పటికీ చావడు. వచ్చాడని ఒప్పుకుంటే, దెబ్బ తగలనివ్వాలి. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది వాడు రావాలనే.

"ఓరిన్," అంది ఖాళీ కుర్చీతో. "వచ్చావురా?"

పాచిక వేసింది. మూడు.

భయం వేసింది, దానికన్నా ఎక్కువ సంతోషం వేసింది. దెబ్బ ఎంత గట్టిదో చెప్పే పాచికలన్నీ కలిపి దొర్లించింది. అన్నీ పెద్ద అంకెలే, లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. "టోరాల్ పడిపోయాడు," అని బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టింది.

"లేపే మంత్రం ఒకటి మిగిల్చుకున్నాను," బెవ్ మెల్లగా అంది. "లేపనా? వాడు ఒప్పుకోవాలి మరి."

చచ్చినవాడి తరపున జవాబు చెప్పాల్సింది ఆట నడిపేవాళ్లే. మార్లిస్ కుర్చీ వైపు చూసింది. లేపమని నోటిదాకా వచ్చింది.

"ఒప్పుకోవట్లేదు," అంది చివరికి.

నీడలరాజు మళ్లీ కొట్టాడు. రెండు పడింది. తర్వాత ఒకటి. బెవ్ ఆఖరి మంత్రంతో వాడు కూలిపోయాడు, కథ ముగిసింది. చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. లైల్ బొమ్మలు డబ్బాలో సర్దుతున్నా మార్లిస్ పాచిక వేస్తూనే ఉంది. నాలుగు, ఒకటి, రెండు, నాలుగు.

"ఇప్పుడు ఎవరి వంతూ కాదు మార్లిస్," బెవ్ ఆమె భుజం పట్టుకుంది.

"ఒక్కసారి," అంది మార్లిస్, మళ్లీ వేస్తూ. "ఇంకొక్కసారి."

మూడు పడలేదు.