నిండా పోసిన చాయ్

మేడ్చల్‌లోని ఆ ఇంట్లో మూడేళ్లుగా ఇందిరమ్మ భర్త జనార్ధన్ రెడ్డికి చాయ్ సగం కప్పే. వణుకుడు జబ్బు. నిండా పోస్తే ఆయన కంటే ముందు చొక్కా తాగుతుంది. ఒకప్పుడు పంచాయితీల్లో పదిమంది నోళ్లు మూయించిన మనిషి, ఆ సగం కప్పు ముందు తల దించుకునేవాడు.

శామీర్‌పేట దగ్గర ఒక ల్యాబ్ వాళ్లు ఈ జబ్బుకు కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి, భర్త పేరు రాయించింది ఇందిరమ్మ. అక్కడి డాక్టర్ ధరణి భీమవరం పిల్ల. ఓపిగ్గా చెప్పింది.

"ఇవి మేం మార్చి తయారుచేసిన బ్యాక్టీరియా అండి. పేగుల్లో స్థిరపడి, మెదడులో నరాలు చచ్చిపోకుండా కాపాడే పదార్థం తయారుచేస్తాయని మా ఆశ. పనిచేస్తాయని మాటివ్వలేను. ఒక్కటే షరతు. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా మాకు ఫోన్ చేయకుండా ఏ టాబ్లెట్టూ వేసుకోవద్దు. యాంటీబయాటిక్ పడితే ముందు చచ్చేవి ఇవే."

"అంటే విత్తనం ఏసినంక గడ్డిమందు కొట్టొద్దంటవ్," అన్నాడు జనార్ధన్ రెడ్డి. ధరణి నవ్వి, అంతేనంది.

మందు తీసుకున్న ఐదో నెలలో ఒక పొద్దున ఆయన చొక్కా గుండీలు తానే పెట్టుకున్నాడు. ఇందిరమ్మ చూసీ చూడనట్టు వంటింట్లోకి వెళ్లి, కప్పు నిండా చాయ్ పోసి తెచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"నిండు కప్పు తాగి ఎన్నొద్దులైందే," అన్నాడాయన. ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చింది.

మళ్లీ ల్యాబ్‌కు వెళ్లడానికి నాలుగు రోజులుందనగా ఆయనకు జలుబు చేసి ఒళ్లు కాలింది. ధరణి నంబరు ఫ్రిజ్ మీద అంటించే ఉంది. ఇందిరమ్మ ఫోన్ తీసింది, మళ్లీ పెట్టేసింది. జ్వరమని చెబితే పేరు కొట్టేస్తారేమోనని భయం. నాలుగు రోజుల్లో తగ్గిపోతే ఎవరికి తెలుస్తుంది? ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఏ జ్వరమొచ్చినా చూసే ఆరెంపీ డాక్టర్ దగ్గరికి నడిచి, కాగితంలో చుట్టిన గోళీలు తెచ్చింది. జ్వరం గోళీలే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది పిచ్చితల్లి.

"గివేంది?" అన్నాడాయన.

"ధరణి మేడమే పంపింది. మింగుండ్రి."

ఆమె చెప్పాక ఆయన అడిగేదేముంది? మింగాడు. జ్వరమూ తగ్గింది.

ల్యాబ్‌లో పరీక్షల ఫలితాలు వచ్చాక ధరణి ఇద్దర్నీ పిలిపించింది. "మేమిచ్చిన బ్యాక్టీరియా మీ పేగుల్లో ఒక్కటీ లేదండి. వేరే మందులేమైనా వాడారా?"

"మొన్న జరానికి మీరు పంపినయి తప్ప ఏం ముట్టలె మేడం."

"మేమేం పంపామండి?"

ఆయన భార్య వైపు తిరిగాడు. ఇందిరమ్మ అంతా చెప్పేసింది. "జరమంటే పేరు తీసేస్తరని భయపడ్డ బిడ్డా."

"జలుబు జ్వరానికి ఎవరినీ తీసేయమమ్మా." ధరణి రిపోర్టు మూసింది. "ఆ గోళీల్లో యాంటీబయాటిక్ ఉండే ఉంటుంది. అసలు జలుబుకు అది అక్కర్లేదు. దానంతటదే తగ్గేది."

"మళ్లొక్కసారి ఇయ్యరాదా?"

"ఈ పరీక్షలో ఒక్కసారే ఇస్తామమ్మా. అది నా చేతిలో లేదు."

ఇంటికొచ్చేదాకా ఆయన బస్సు కిటికీలోంచి బయటికే చూశాడు. తిట్టినా బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఫ్రిజ్ మీది నంబరును ఆ రోజంతా ఎన్నిసార్లు చూసిందో.

రెండు నెలలకు వణుకు తిరిగొచ్చింది. ఆ పొద్దున ఇందిరమ్మ చాయ్ సగానికి పోసి ఆపింది.

"నిండ పొయ్యి, ఇందిరా."

"ఒలుకుతది."

"ఒలకని తియ్." కప్పు ఆమె వైపు జరిపాడు. "ఆ పొద్దు నాకన్న నిజం చెప్పకపోతివి. గడ్డిమందు ముచ్చట అన్నది నేనే గద. మింగకపోదును."

ఆమె నిండా పోసింది. ఆయన ఎత్తిన కప్పు పెదవుల దాకా చేరకుండానే చాయ్ చొక్కా మీద ఒలికింది. కొంగుతో తుడిచి ఇందిరమ్మ ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. అయినా అది వణుకుతూనే ఉంది.