బందరు కోట దారి

నూజివీడు మామిడి తోటల్లో కాయ కోసే నరసింహులు ఒకరోజు సంతకని వెళ్లి మరి రాలేదు. రెండేళ్లు పోయాక, బందరుకు కాయల బండి తోలుకెళ్లినవాడొకడు నరసింహులు భార్య అచ్చమ్మ దగ్గరికొచ్చి, సముద్రం వైపు పాత కోటలో అతనిలాంటి మనిషిని చూశానని చెప్పాడు. చేతులు మాత్రం బాగాలేవన్నాడు.

మర్నాడే అచ్చమ్మ కూతుర్ని తమ్ముడు పెద్దిరాజు ఇంట్లో దిగబెట్టి, అతన్ని వెంటబెట్టుకుని బందరు బస్సెక్కింది. బస్టాండు పక్కన పెద్దిరాజు సైకిలు అద్దెకు తీసుకుని అక్కను వెనక కూర్చోబెట్టుకున్నాడు. కాలవగట్టు మీద ఎదురుగాలి. అతను రొప్పుతుంటే ఆమె దిగి కొంతదూరం నడిచేది, మళ్లీ ఎక్కేది. ఇళ్లు అయిపోయాయి. ఒకపక్క ఉప్పునీటి పాయ, ఇంకోపక్క మడచెట్లు, బురద వాసన. అంత నీరు ఆమె ఎన్నడూ చూడలేదు. చూడబుద్ధీ కాలేదు.

కోటంటే నూజివీడు జమీందార్ల కోటలా ఉంటుందనుకుంది. తీరా చూస్తే కప్పు కూలిన ఇటుక గోడలు, మధ్యలో తుమ్మచెట్లు. తెల్లదొరలు మందుగుండు దాచిన కొట్టు ఒక్కటే నిలబడి ఉంది. లోపల గోనెపట్టా మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ముఖం ఉబ్బిపోయింది, కనుబొమలు లేవు. అచ్చమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. అతను మాట్లాడాక గానీ మొగుణ్ణి పోల్చుకోలేకపోయింది.

"ఎందుకొచ్చావు? ఒంటి మీద మచ్చ చూసుకున్నాకే వచ్చేశాను," అన్నాడు నరసింహులు, చేతులు గోనె కిందికి దోపుకుంటూ. "తెలిస్తే నిన్నూ పిల్లనీ తోటలో ఉండనిస్తారా?"

బెజవాడ అవతల ఈ పెద్దరోగానికి బిళ్లలిచ్చే ఆస్పత్రి ఉందట, పోదాం రమ్మంది. చివరికి నరసింహులు లేచి, కుంటుకుంటూ సైకిలు దగ్గరికొచ్చి, ఎక్కడానికి బావమరిది భుజం మీదికి చెయ్యి చాపాడు. పెద్దిరాజు ఒక్కడుగు వెనక్కేశాడు.

"అక్కా, నాకు చిన్నపిల్లలున్నారే," అన్నాడు నేల చూస్తూ.

నరసింహులు కొట్టులోకి మళ్లాడు. అచ్చమ్మకు తమ్ముడి మీద కోపం రాలేదు. గడప దగ్గర తనూ ఆగింది కదా.

"సైకిలేసుకుని నువ్వు పో తమ్ముడూ. పిల్లను చూసుకో," అని, లోపలికి వెళ్లి మొగుడి రెక్క పట్టుకుంది.

బస్టాండు దాకా నడిపించుకొచ్చింది గానీ, కండక్టరు బస్సెక్కనివ్వలేదు. కాలవగట్ల వెంట నడిచారు. దాహమంటే ఊళ్లవాళ్లు దూరం నుంచే దోసిట్లో నీళ్లు పోశారు. ఆస్పత్రి చేరేసరికి అతని పాదం కుళ్లిపోయింది, తీసేశారు. బిళ్లలకు జబ్బు ఆగింది. అచ్చమ్మ అక్కడే గుడ్డలుతికే పనిలో కుదిరింది. తోటలో వాళ్ల గుడిసె కామందు వేరేవాళ్లకిచ్చేశాడు.

మరుసటేడు అచ్చమ్మ కూతుర్ని చూడాలని తమ్ముడింటికి వచ్చింది. పెద్దిరాజు వాకిట్లోనే పీట వేశాడు. అమ్మ దగ్గరికి పరిగెత్తబోయిన పిల్లను అతని భార్య జబ్బ పట్టుకుని ఆపింది. అచ్చమ్మ పిల్లను అక్కణ్ణుంచే చూస్తూ కాసేపు కూర్చుంది. పొడుగైందని అంది. తర్వాత, బస్సుకు వేళయిందని లేచింది.