శ్రీశైల్ సార్

మూడో జొన్నరొట్టె సగం తట్టిందో లేదో ఫోన్ మోగింది. రెండు చేతులకూ పిండి. మహాదేవి చిటికెన వేలితో ఫోనెత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"నమస్తే శ్రీశైల్ సార్. జర తకలీఫ్ ఇస్తున్న. బిజీగ ఉన్నరా సార్?" అన్నాడు అవతలి నుంచి ఆమె మొగుడు అమిత్.

"రొట్టెలు చేస్తున్న. చెప్పుండ్రి."

"హా సార్, హా సార్. దవాఖానల ఒక కంప్యూటర్ ఉన్నది సార్. లైటు వస్తున్నది, ఫ్యాన్ తిరుగుతున్నది, స్క్రీన్ మాత్రం నల్లగనే ఉన్నది. కొత్త మానిటర్ తెచ్చుకోమని చెప్పన్నా సార్?"

"అప్పుడే కొత్తదెందుకు? ముందుగాల వైరు రెండు దిక్కుల తీసి మళ్ల బిగించుండ్రి. అయినా రాకుంటే పక్క టేబుల్ మీది మానిటర్ తెచ్చి దీనికి పెట్టుండ్రి. దాంట్ల బొమ్మ వస్తే ఈ మానిటర్ ఖరాబు. దాంట్ల కూడ రాకుంటే డబ్బా లోపల ఖరాబు."

"అట్లనే సార్. మీరు జర లైన్ల ఉండుండ్రి సార్."

మహాదేవి రొట్టెను పెనం మీద వేసి, పైన తడి గుడ్డ అద్దింది. అవతల కుర్చీ జరిపిన చప్పుడు, ఆ తర్వాత ఎవరో "వచ్చింది, వచ్చింది" అనడం వినబడ్డాయి. ఆ వేరే గొంతు దగ్గరికి రాగానే ఆమె ఫోన్ కట్ చేసేసింది. అది అమిత్ పెట్టిన కాయిదా. పక్కనున్న వాళ్ల చెవిన ఆమె గొంతు పడకూడదు.

శ్రీశైల్ సార్ అంటే హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ ఇంజనీరని, అమిత్ మీద అభిమానంతో ఫోన్లోనే సలహాలు చెప్తాడని బీదర్‌లో కంప్యూటర్లున్న ప్రతి ఆఫీసుకూ తెలుసు. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు మాత్రం లేరు. చూడాలని ముచ్చట పడితే హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఉస్మాన్‌గంజ్ వెనక సందులో సదాశివ్ సేట్ కొడుకు అమిత్ కంప్యూటర్ దుకాణం ఉంది కదా, అక్కడ గల్లా వెనక వేలాడే పరదా తొలగించి, బియ్యం డబ్బాలు దాటి, వంటింట్లోకి వస్తే చాలు.

పెళ్లిచూపులప్పుడు అత్త సుమిత్రాబాయి మహాదేవి కంప్యూటర్ డిప్లొమా గురించి రెండుసార్లు అడిగింది. మన్నాఏఖేళ్ళి నుంచి రోజూ బస్సులో వచ్చి బీదర్ పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివిన పిల్ల. "మంచిదాయె, దుకాణంల మావోనికి ఆసర అయితది" అని మెచ్చుకుంది. ఆసరా అంటే ఏమిటో పెళ్లయిన వారానికి తెలిసింది. "బజారు మంది ముంగట కోడలు కూసుంటదా? మా ఇంట్ల ఆ రివాజు లేదు. ఏం చేసినా లోపట చెయ్యి" అంది అదే అత్త. అలా కంప్యూటర్లే లోపలికి రావడం మొదలుపెట్టాయి. పప్పు ఉడికేలోపు మహాదేవి పీట మీద కూర్చుని వాటిని పరీక్షించేది. తెర మీద కీబోర్డు బొమ్మ పెట్టుకుని ఒక్కో మీట నొక్కితే ఒక్కో గడి పచ్చగా మారుతుంది. మారకుండా తెల్లగా మిగిలిందే చచ్చిన మీట. మౌస్ ఒకసారి నొక్కితే లెక్క రెండు చూపిస్తే దాని లోపలి స్విచ్చి అరిగినట్టు. తెరంతా ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒకదాని తర్వాత ఒకటి నింపి చూస్తే ఎక్కడ చుక్క పోయిందో దొరుకుతుంది. దొరికింది చీటీ మీద రాసి పరదా సందులోంచి ఇచ్చేది. బయట అమిత్ ఆ చీటీ చదివి, తల పంకించి, తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు. "అమిత్ సేట్ చేతిల జాదూ ఉన్నది భయ్" అని ఎవరో ఒకరు అనేవారు. ఆ మాట పరదా ఇవతలికి చక్కగా వినబడేది.

సార్ పుట్టింది మాత్రం ఏడేళ్ల కిందట. హళ్ళిఖేడ్‌లో ఒక పప్పుమిల్లులో కంప్యూటర్ చూడడానికి పోయి, చెయ్యాడక అమిత్ ఇంటికి ఫోన్ చేశాడు. మిల్లు సావుకారు పక్కనే నిలబడి "ఎవరితో మాట్లాడుతున్నవు?" అన్నాడట. పెళ్లాన్ని అడుగుతున్నానని ఏ మగాడు చెప్తాడు? నోటికొచ్చిన పేరొకటి చెప్పేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్తూ పడి పడి నవ్వాడు. మహాదేవి కూడా కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మొదట్లో ఆ ఫోన్లంటే ఆమెకు ఇష్టంగానే ఉండేది. ఇంట్లో అమిత్ ఆమెను పేరు పెట్టి పిలవడు. "ఏయ్", "ఇగో", "ఇనవడ్తలేదా?" ఇవే పిలుపులు. ఫోన్లో మాత్రం "మీరెట్ల చెప్తే గట్లనే సార్", "మీ టైం ఖరాబు చేస్తున్న సార్" అంటాడు. మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు మీరనుకునేది ఆ ఫోన్లోనే. నాలుగేళ్లపాటు ఆమె ఆ ఫోన్ల కోసం ఎదురుచూసింది, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకరోజు పొద్దున్నే కూతురు సోనీని బడి మార్పిద్దామని అంటే "నీకేం తెలుస్తది, మూసుకో" అన్నాడు. అదే మధ్యాహ్నం ఫోన్ చేసి "మీకు తెల్వనిది ఏమున్నది సార్" అన్నాడు. ఆ రోజు నుంచి ఎదురుచూడటం మానేసింది. ఫోన్ వస్తే ఎత్తుతుంది, అడిగింది చెప్తుంది, వేరే గొంతు వినబడగానే పెట్టేస్తుంది.

రెండేళ్ల కిందట సోనీకి జ్వరమొచ్చి ఒళ్లు కాలిపోతుంటే మహాదేవి అమిత్‌కు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ మర్చిపోయి పోయాడేమో, ముందుగదిలో గల్లా మీదే మోగింది. పరుగున పోయి చూస్తే తెర మీద శ్రీశైల్ సార్ అని వెలుగుతోంది. ఆ ఫోన్ తీసి తన పేరు కోసం వెతికింది. మ దగ్గర మామయ్య ఉన్నాడు, మంగలి ఉన్నాడు, మహాదేవి లేదు. సాయంత్రం అడిగితే అమిత్‌కు ఆశ్చర్యం వేసింది. "నంబర్ ఒక్కటే కదా, రెండు పేర్లెందుకు?" అన్నాడు. ఇప్పుడు నాకు కోపం వస్తుంది అనుకుని ఆమె కాసేపు కాచుకుని చూసింది. రాలేదు. ఒకే భంగిమలో గంటలు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, గిల్లినా తెలియదు కదా, అట్లాగే ఉంది. సోనీకి మందు వేసి, పాలు కాచింది.

ఈ ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. అమిత్ నవ్వుతూ మొదలుపెట్టాడు. "ఇగో, మహిళా కాలేజీల జగదేవి మేడం ఉన్నది కదా, ల్యాబ్ చూసుకునే మేడం. ఆమెకు ల్యాబ్‌ల మనిషి కావాల్నట. 'మీ శ్రీశైల్ సార్ బీదర్ వచ్చే ఆలోచన ఉంటే చెప్పండి, డిప్లొమా ఉంటే చాలు' అన్నది! శనివారం దాకా పేర్లు రాసుకుంటరట."

సుమిత్రాబాయికి నవ్వాగక పొలమారింది. "ఇగ పో సార్! ప్యాంటు షర్టు ఏసుకొని పో!"

"అమ్మకు డిప్లొమా ఉన్నది కదా పప్పా?" అంది ఎనిమిదేళ్ల సోనీ.

"అందుకే నవ్వొస్తున్నది బేటా. నేను చెప్పేసిన, సార్‌కు హైదరాబాద్‌ల మంచి నౌకరి ఉన్నది, ఆయన రాడని."

మహాదేవి కూడా నవ్వింది. అందరూ నవ్వుతుంటే మొహం దానంతటదే నవ్వుతుంది. పెరుగు వడ్డించి, గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోయింది. గిన్నెలు తోముతూ ఆలోచించింది. తొమ్మిదేళ్ల కాపురంలో తనను వెతుక్కుంటూ వచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం. లేని మనిషికి చెప్పారు, లేని మనిషి తరఫున వద్దన్నారు, మధ్యలో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. ఇంత జరిగితే ఏడుపైనా రావాలి. అది కూడా రాలేదు. సోమ, మంగళ, బుధవారాలు ఎప్పటిలాగే గడిచాయి. గురువారం సోనీ టీకాల కార్డు కోసం ట్రంకు పెట్టె తెరిస్తే అడుగున ప్లాస్టిక్ కవర్లో డిప్లొమా సర్టిఫికెట్ కనబడింది. కార్డు తీసుకుని పెట్టె మూసేసింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. ఈసారి అమిత్ గొంతులో నిజమైన గాబరా ఉంది.

"నమస్తే శ్రీశైల్ సార్. మహిళా కాలేజీ ల్యాబ్‌ల ఉన్న. రేపు పిల్లలకు కన్నడ టైపింగ్ పరీక్ష. ఆరు కీబోర్డులు చచ్చిపోయినయి సార్. కొత్తవి ఆరు తెప్పియ్యాలని చెప్తున్న."

"ఆరు కీబోర్డులు ఒక్కసారే ఎట్ల చస్తయి? ఆగుండ్రి. ఒకటి బంద్ చేసి మళ్ల చాలు చెయ్యుండ్రి. విండోస్ తెరుచుకోకముందే సెట్టింగుల తెరలకు పోండ్రి. అక్కడ బాణం గుర్తుల మీటలు పని చేస్తున్నయా?"

కాసేపటికి, "చేస్తున్నయి సార్!"

"అయితే కీబోర్డు బాగున్నది. వైరు బాగున్నది. పెట్టిన రంధ్రం కూడ బాగున్నది. ఇప్పుడు విండోస్‌లకు వచ్చి ఒక మీట నొక్కి, ఇడువకుండ పట్టుకోండ్రి."

"ఏం లేదు సార్... ఏం లేదు... పడ్డది సార్! అక్షరం పడ్డది!"

మహాదేవికి అర్థమైంది. కుడివైపు షిఫ్ట్ మీటను ఎనిమిది సెకండ్లు అదిమి పట్టుకుంటే కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది. కన్నడ టైపింగ్‌లో షిఫ్ట్‌తో పని ఎక్కువ. పరీక్ష తొందరలో ఉన్న ఆడపిల్లలు ఆ మీట మీద వేలు ఆనించి ఉంటారు, ప్రశ్న చదవకుండానే సరేనని ఉంటారు. ఇక అప్పటి నుంచి ఠక్కున నొక్కి వదిలేస్తే కంప్యూటర్ పట్టించుకోదు. పిల్లలు నొక్కుతూనే ఉన్నారు, కీబోర్డు చెప్తూనే ఉంది, పట్టుబట్టి చెప్పకపోతే వినొద్దని లోపల ఏర్పాటు జరిగిపోయింది. చూసినవాళ్లేమో కీబోర్డు చచ్చిపోయిందని తీసి పారేస్తున్నారు.

"కుడిదిక్కు షిఫ్ట్ పట్టుకోండ్రి. నేను ఎనిమిది లెక్కపెడ్త. మధ్యల ఇడువొద్దు. ఒకటి... రెండు..."

ఎన్నోసార్లు చెప్పిన పనే. కానీ మూడు అంటుండగా ఆమె గొంతు ఆమెకే వినబడింది. నాలుగు. ఈ గొంతుకు ఒక పేరుంది. అయిదు. పెనం మీద రొట్టె మాడుతోంది. ఆరు. మాడనీ అనుకుంది. ఏడు. ఎనిమిది.

"చప్పుడొచ్చింది సార్! నడుస్తున్నది!" అమిత్ అరిచాడు. వెనక అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ఆ సందడిలోంచి ఒక ఆడగొంతు దగ్గరికొచ్చింది. "ఫోన్ ఇలా ఇవ్వండి, సార్‌తో నేను మాట్లాడతాను."

"సార్ మీటింగ్‌ల ఉన్నరు మేడం..."

"ఇప్పటిదాకా మీతోనే మాట్లాడుతున్నారు కదా. ఇవ్వండి."

వేరే గొంతు వినబడింది. మహాదేవి బొటనవేలు అలవాటుగా ఎర్ర గుర్తు మీదికి పోయింది. అక్కడే ఆగింది. నొక్కలేదు.

"హలో శ్రీశైల్ సార్, నమస్తే. నేను జగదేవిని."

"నమస్తే మేడం. శ్రీశైల్ సార్ అని ఎవ్వరు లేరు. నేను అమిత్ భార్యను, మహాదేవిని. ఏడేండ్ల నుంచి ఈ ఫోన్ల మాట్లాడేది నేనే."

"హౌదా, నిజమా?" అని మెల్లగా అంది జగదేవి మేడం. "మరి ఉద్యోగం వద్దన్నారట కదా?"

"నన్నెవ్వరు అడగలేదు మేడం."

"డిప్లొమా ఉందా?"

"ఉన్నది. ఇక్కడి పాలిటెక్నిక్‌లనే చదివిన."

"ఇస్తానని మాట ఇవ్వలేను. ఇంకా నలుగురి పేర్లున్నాయి. రేపు పదింటికి సర్టిఫికెట్ తీసుకుని రండి, మీది కూడా రాసుకుంటాను."

మధ్యాహ్నం అమిత్ వచ్చి చెప్పులు విడవకుండానే వంటింటి గడపలో నిలబడ్డాడు. "మంది ముంగట నా ఇజ్జత్ తీసినవ్."

"ఆరు కీబోర్డులు నడుస్తున్నయా?"

"నడుస్తున్నయి."

అతను చెప్పులు విడవడానికి వెనక్కి తిరిగాడు. సుమిత్రాబాయి అందుకుంది. "ఇంట్ల కూసొని చేస్తే నీకేం తక్కువైంది? తిండికా, బట్టకా?"

మహాదేవి జవాబు కోసం తనలో వెతికింది. తొమ్మిదేళ్లవి ఉండాలి చాలా. "తెల్వది అత్తమ్మా. రేపు పదింటికి పోతున్న" అంది.

శనివారం రొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెట్టింది. సోనీకి జడ వేసింది. మంచి చీర కట్టుకుని, ప్లాస్టిక్ కవర్ చేతబట్టుకుని, పెరటి దారిన కాకుండా పరదా జరిపి దుకాణంలోంచే బయటికి నడిచింది. అమిత్ అప్పటికే ఏదో ఆఫీసు పనికి పోయాడు. గల్లా దగ్గర కూర్చున్న మామ సదాశివ్ సేట్ తలెత్తి చూసి, మళ్లీ పేపర్లోకి దించుకున్నాడు.

కాలేజీ గేటు ముందు ఆటో దిగుతుంటే ఫోన్ మోగింది.

"నమస్తే శ్రీశైల్ సార్." అమిత్ వెనక ఎవరో మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "జర తకలీఫ్ ఇస్తున్న. ఇక్కడ ఒక మౌస్ ఉన్నది సార్, ఒకసారి నొక్కితే రెండుసార్లు తెరుచుకుంటున్నది. ఏం చెయ్యాలె సార్?"

జవాబు ఆమెకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మీకు ఎవరు కావాలె?" అంది.

"అదే సార్... మీరే... శ్రీశైల్ సార్..." అతని గొంతు తగ్గింది.

"రాంగ్ నంబర్ అండీ. ఇది మహాదేవి ఫోను."